ఐఐ గడిలో 12 రాయాలా, 14 రాయాలా?

కొత్తమోడలర్:
మూర్ఛకు లెవెటిరాసెటమ్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వాడేవాళ్ల డేటాను నాన్‌మెమ్‌కు (ఒంట్లో మందు కదలికకు మోడల్ కట్టే ప్రోగ్రామ్‌కు) సిద్ధం చేస్తున్నాం. చీటీలో 12 గంటలకోసారి అని ఉంది. చాలామంది వేసుకునేది మాత్రం ఉదయం 9కి, రాత్రి 7కి. శాంపిళ్లన్నీ ఉదయం మాత్రకు కాస్త ముందు తీసినవే. నెలల తరబడి వాడుతున్నారు కాబట్టి ఎస్‌ఎస్=1, అంటే ఒంట్లో మందు స్థిరమైన స్థాయికి (స్టెడీ స్టేట్‌కు) చేరిందన్న గుర్తు, పెడుతున్నాం. గొడవంతా ఐఐ దగ్గర, అంటే మోతాదుల మధ్య గంటల దగ్గర. శాంపిల్‌కు ముందు నిజంగా గడిచింది 14 గంటలు కదా, 14 రాద్దామని నేను. చీటీ ప్రకారం 12 అని మా సహోద్యోగి. ఎవరిది సరి?

ఫార్మసీ_పాతకాపు:
12 రాయండి. 14 రాస్తే ఆయన ఎప్పటినుంచో 14 గంటలకోసారి వేసుకుంటున్నాడని ప్రోగ్రామ్ అనుకుంటుంది. రోజుకు 1000 మిల్లీగ్రాములు కాస్తా 857 అవుతుంది. స్టెడీ స్టేట్‌లో సగటు గాఢత అంటే ఒంట్లోకి చేరిన మోతాదును క్లియరెన్స్‌తోనూ (ఒంట్లోంచి మందు తొలగే వేగం) విరామంతోనూ భాగిస్తే వచ్చేదే. విరామం తప్పితే ఆ తప్పు నేరుగా క్లియరెన్స్‌లోకి వెళ్తుంది. ఫినోబార్బిటాల్ లాగా ఒంట్లో రోజుల తరబడి ఉండే మందుకైతే మాత్ర రెండు గంటలు అటూఇటూ అయినా దాదాపు తేడా కనపడదు. ఐఐ 14 అని రాస్తే మాత్రం అక్కడ కూడా క్లియరెన్స్ అంచనా 14 శాతం తగ్గిపోతుంది.

డేటా_రాత:
14 తప్పన్న మాట నిజం. అంతమాత్రాన 12 సరైపోదు. ఈ మందు హాఫ్‌లైఫ్ (ఒంట్లో సగానికి తగ్గే సమయం) పెద్దవాళ్లలో 6 నుంచి 8 గంటలు. 7 అనుకుని, శోషణ వెంటనే జరిగిందనుకుని లెక్క వేశాను. ఒక్క మోతాదుతో పెరిగే గాఢతను 1 అనుకుంటే, ఉదయం ట్రఫ్ (మాత్రకు ముందుండే కనిష్ఠ గాఢత) ఐఐ=12తో 0.44 వస్తుంది, ఐఐ=14తో 0.33. నిజంగా 9కి, 7కి వేసుకునేవాళ్లకు ఉండాల్సింది 0.38. అంటే మీ ఇద్దరి జవాబులూ దాన్ని చెరోవైపు తప్పిస్తున్నాయి.

ఇక్కడ మారకుండా తిరిగి వచ్చేది 24 గంటల చక్రం. కాబట్టి ఐఐ=24తో రెండు వరుసలు రాయాలి. శాంపిల్‌కు ముందురోజు ఉదయం 9కి ఎస్‌ఎస్=1, అదే రోజు రాత్రి 7కి ఎస్‌ఎస్=2. ఎస్‌ఎస్=1 పాతదంతా తుడిచేసి మొదలుపెడుతుంది, ఎస్‌ఎస్=2 ఉన్నదానికి కలుపుతుంది. ఆ రెండు వరుసల మధ్య శాంపిల్ ఏదీ ఉండకూడదు, ఎందుకంటే అప్పటికి రాత్రి మాత్రలు లెక్కలోకి రాలేదు. మర్నాడు ఉదయం మాత్ర తర్వాత కూడా శాంపిళ్లుంటే ఆ మాత్రను మామూలు మోతాదుగా విడిగా రాయండి.

ఫార్మసీ_పాతకాపు:
లెక్క బాగుందండీ. కానీ 9, 7 అన్నది రోగి నోటిమాట. నిన్న 9కి వేసుకున్నాయన ఆదివారం 11కి వేసుకుంటాడు. లేని కచ్చితత్వాన్ని డేటాలోకి ఎందుకు తేవడం? ఆ తేడాను రెసిడ్యువల్ ఎర్రర్‌కు (మోడల్ వివరించలేక మిగిలే తేడాకు) వదిలేయవచ్చు.

డేటా_రాత:
ఆదివారం తేడా అటూ ఉంటుంది, ఇటూ ఉంటుంది. దాన్ని ఎర్రర్ మోస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ శాంపిళ్లన్నీ ఉదయానివే, రాత్రి విరామం దాదాపు అందరికీ పెద్దదే. ఇది ఒకే వైపు లాగే తప్పు. 12 రాస్తే మోడల్ ఊహించినదానికంటే రక్తంలో మందు తక్కువ కనిపిస్తుంది, దాంతో క్లియరెన్స్‌ను ఎక్కువగా అంచనా వేస్తుంది. రేపు ఎవరో ఆ అంకె చూసి మోతాదు పెంచుతారు. అందుకే పట్టుబడుతున్నాను.

ఫిట్స్_క్లినిక్:
మా దగ్గర ఫెనిటాయిన్ వాడేవాళ్లు చాలామంది. అక్కడ ఈ రెండు వరుసల పద్ధతి పనికిరాదు. ఎస్‌ఎస్=2 కూడిక మీద ఆధారపడింది, ఫెనిటాయిన్ మోతాదుకు తగిన నిష్పత్తిలో పెరగదు. మోతాదు విమ్యాక్స్‌ను (ఒంట్లోంచి మందు తొలగగల గరిష్ఠ వేగాన్ని) దాటితే స్టెడీ స్టేట్ అనేదే ఉండదు. అలాంటిచోట ఎస్‌ఎస్ జోలికి పోకుండా, ఏడీడీఎల్‌తో (అదే మోతాదు ఇంకా ఎన్నిసార్లో చెప్పే గడితో) ఉదయం మోతాదులు ఒక వరుసలో, రాత్రివి ఇంకో వరుసలో, వెనక్కి తగినన్ని రోజులు రాస్తాం. లెవెటిరాసెటమ్‌కైనా నేను అదే చేస్తాను. అయిదు హాఫ్‌లైఫ్‌లకు 97 శాతం చేరుకుంటుంది, అంటే రెండు రోజుల్లోపే. నాలుగు రోజుల చరిత్ర రాస్తే ధారాళంగా సరిపోతుంది. పైగా మొన్న రాత్రి మాత్ర మరిచిపోయానని రోగి చెబితే ఆ ఒక్క మోతాదు తీసేయవచ్చు. ఎస్‌ఎస్ పెడితే మాత్ర ఏనాడూ తప్పలేదని ఒప్పుకున్నట్టే. ఫిట్స్ వచ్చి మా దగ్గరికి వచ్చేవాళ్లలో మాత్ర తప్పినవాళ్లు తక్కువేం కాదు.

కొత్తమోడలర్:
మాత్ర తప్పిన సంగతి మా కేసు షీట్లలో కొందరికి రాసి ఉంది. వాళ్లకు చరిత్ర రాస్తాను, మిగతావాళ్లకు 24 గంటల రెండు వరుసలు. మరి వేళలే రాయకుండా ‘రోజుకు రెండుసార్లు’ అని మాత్రమే ఉన్నవాళ్ల సంగతి?

డేటా_రాత:
వాళ్లకు 12 రాయండి, పాతకాపు గారి మాటే. కానీ వేళలు తెలియనివాళ్లని గుర్తు పెడుతూ విడిగా ఒక కాలమ్ ఉంచండి. వాళ్లతో ఒకసారి, వాళ్లు లేకుండా ఒకసారి మోడల్ నడిపి, క్లియరెన్స్ ఎంత కదిలిందో రిపోర్టులో పెట్టండి.