జీనెట్ రాంకిన్ ఒక్కరే యుద్ధం వద్దన్నారా?

ప్రశ్న: 1916లో మోంటానా నుంచి గెలిచి అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన తొలి మహిళ ఈవిడే కదా. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగడానికి వ్యతిరేకంగా ఓటేసింది ఆవిడ ఒక్కరేనా?

జవాబు: కాదండి, అప్పుడు ప్రతినిధుల సభలో 50 మంది వద్దన్నారు. ఒంటరిగా నిలబడింది 1941 డిసెంబర్ 8న, జపాన్‌పై యుద్ధం ప్రకటించాలా అన్న ఓటింగ్‌లో. అటు 388 మంది, ఇటు ఆవిడ ఒక్కరే. సభ బయటికి రాగానే జనం చుట్టుముడితే టెలిఫోన్ బూత్‌లోకి వెళ్లి, తలుపేసుకుని, పోలీసులకు ఫోన్ చేశారు. అప్పటికి 61 ఏళ్లు! ఆ అద్దాల పెట్టెలో ఆవిణ్ని ఊహించుకుంటే నాకిప్పటికీ గుండె బిగుసుకుపోతుంది.

మరొకరు: ఆస్ట్రేలియాలో వైడా గోల్డ్‌స్టీన్ గురించీ చదవండి. 1903లోనే సెనేట్‌కు పోటీ చేశారు. ఓడినా మళ్లీ మళ్లీ నిలబడ్డారు. 1915లో మహిళా శాంతి సేన పెట్టారు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి. ఆ తర్వాత రాంకిన్ ఏం చేశారు?

జవాబు: 1968లో, 87 ఏళ్ల వయసులో, వియత్నాం యుద్ధం ఆపమంటూ వాషింగ్టన్‌లో వేలమంది ఆడవాళ్లతో కలిసి నడిచారు.