గ్లాకోమా చుక్కలు రాత్రికి ఒక్కటే ఎందుకు? పొద్దున ఇంకోటి వేస్తే ప్రెషర్ త్వరగా దిగదా?

ప్రశ్న:
అమ్మకి గ్లాకోమా ఉందండి. డాక్టర్ గారు లాటనోప్రోస్ట్ చుక్కలు రాశారు, రోజూ రాత్రి కంటికి ఒక్క చుక్క. ఈసారి చెకప్‌లో కంటి ప్రెషర్ అనుకున్నంత తగ్గలేదు. "పొద్దున కూడా ఒకటి వేసుకుంటే పోలా?" అంటోంది అమ్మ. పైగా ఈమధ్య ఆమె రెప్పల వెంట్రుకలు పొడుగ్గా, నల్లగా అయ్యాయి. ప్రెషర్ మందుకీ వెంట్రుకలకీ సంబంధం ఏమిటి? మందు డబ్బాలోని కాగితంలో "ప్రోస్టాగ్లాండిన్ రిసెప్టర్" అని ఏదో ఉంది. కాస్త విడమరచి చెప్పగలరా?

సమాధానం:
పొద్దున చుక్క మాత్రం వేయించకండి. రోజుకి ఒకటి కంటే ఎక్కువ వేస్తే ఈ మందు ప్రభావం తగ్గవచ్చని తయారీదారుల సూచనల్లోనే ఉంటుంది. నేను ఫార్మకాలజీ బోధిస్తాను, ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. మందు లోపల చేసే పని తెలిస్తే అమ్మగారికి నచ్చజెప్పడం మీకు తేలికవుతుంది.

కంటి లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతూ ఉంటుంది. కన్నీరు కాదు, అది వేరు. ఊరిన నీరు ఊరినట్టే బయటికి పోవాలి, పోకపోతే కంటి లోపల ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతింటుంది, అదే గ్లాకోమా. పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఐరిస్ (కంటిలో రంగు కనిపించే భాగం) అంచున ఉండే జల్లెడ లాంటి కణజాలం. రెండోది ఐరిస్ వెనక ఉండే సిలియరీ కండరం పోగుల సందుల్లోంచి. లాటనోప్రోస్ట్ ఎక్కువగా పనిచేసేది ఈ రెండో దారి మీద.

ఎలా అంటే, సీసాలో ఉన్నది ఇంకా పని మొదలుపెట్టని మందు. కొవ్వులో కరిగే రూపంలో తయారుచేస్తారు కాబట్టి కార్నియాలోకి, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలోకి, సులువుగా దిగుతుంది. దాటేటప్పుడు అక్కడి ఎంజైములు దాని తోకను కత్తిరిస్తాయి. అప్పుడు మిగిలే ఆమ్లమే అసలు మందు. సిలియరీ కండరం కణాల పొర మీద ఎఫ్‌పీ అనే రిసెప్టర్లు ఉంటాయి (మీ కాగితంలోని ప్రోస్టాగ్లాండిన్ రిసెప్టర్ ఇదే), ఆ ఆమ్లం వాటికి అతుక్కుంటుంది. రిసెప్టర్ అంటే గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ అనుకోండి. మందు లోపలికి వెళ్లదు, బెల్ కొడుతుంది, పని చేసేది లోపలున్నవాళ్లు.

బెల్ మోగగానే కణంలో జీక్యూ అనే ప్రొటీన్ కదులుతుంది, దాని వెనకే కాల్షియం విడుదలవుతుంది, ఆ కబురు కేంద్రకం దాకా పోయి కొన్ని జన్యువులు పని మొదలుపెడతాయి. ఫలితంగా ఎంఎంపీలనే ఎంజైములు ఎక్కువగా తయారై, కండరం పోగుల మధ్య గట్టిగా పేరుకున్న కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను కరిగిస్తాయి. సందులు వదులై నీటికి దారి దొరుకుతుంది. ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం, ఎందుకంటే ఇక్కడ ఒక్క చుక్క కంటి నిర్మాణాన్నే కొద్దికొద్దిగా మారుస్తోంది.

అందుకే టైమ్ పడుతుంది. చుక్క వేసిన 3–4 గంటలకి ప్రెషర్ దిగడం మొదలై, 8–12 గంటలకి పూర్తి ప్రభావం కనిపిస్తుంది, ఒక రోజంతా నిలుస్తుంది. మళ్లీమళ్లీ బెల్ కొడితే రిసెప్టర్ల స్పందన మందగిస్తుందని, ఎక్కువ చుక్కలతో ఫలితం తగ్గడానికి అదే కారణమని భావిస్తున్నారు.

ఇక వెంట్రుకలు. రెప్పల కుదుళ్లు కూడా ఈ మందుకి స్పందిస్తాయి. వెంట్రుక పెరిగే దశ పొడుగవుతుంది. ఇదే వర్గానికి చెందిన బిమాటోప్రోస్ట్‌ను 2008లో అమెరికాలో రెప్పల వెంట్రుకలు పెంచే మందుగానే అనుమతించారు. అమ్మగారికి దీని గురించి టెన్షన్ వద్దు. ఐరిస్ రంగు ముదరడం మాత్రం వేరే సంగతి. కణాల్లో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువగా తయారవడం వల్ల వచ్చే ఆ మార్పు మందు మానినా సాధారణంగా పోదు. ఒక కంటికే వేస్తుంటే రెండు కళ్ల రంగులో తేడా తెలియవచ్చు.

మరో సభ్యురాలు:
మా నాన్నగారు బిమాటోప్రోస్ట్ వాడుతున్నారు. కళ్లు లోపలికి పీక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. వయసు వల్ల అనుకున్నాం. ఇదీ మందు వల్లేనా?

సమాధానం:
అవకాశం ఉందండి. కంటి చుట్టూ ఉన్న కొవ్వు కణాల మీదా ఎఫ్‌పీ రిసెప్టర్లు ఉన్నాయి, అవి ప్రేరేపితమైతే కొత్త కొవ్వు కణాలు తయారవడం తగ్గుతుంది. పై రెప్ప గుంట లోతుగా అవుతుంది. బిమాటోప్రోస్ట్‌తో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పాత ఫొటోలు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి, తేడా వెంటనే తెలుస్తుంది. మందు మారిస్తే కొంతవరకు తిరిగి సర్దుకుంటుంది. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఈపీ2 అనే వేరే రిసెప్టర్ మీద పనిచేసే ఒమిడెనెపాగ్ అనే మందు 2018లో జపాన్‌లో అనుమతి పొందింది, దాంతో ఈ కొవ్వు తగ్గే సమస్య పెద్దగా కనిపించదు. అయితే శుక్లం ఆపరేషన్ అయి కృత్రిమ లెన్స్ ఉన్నవాళ్లకి అది సరిపడదు, రెటీనా మధ్యభాగం వాచే ప్రమాదం ఉంటుంది.

మొదట అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. మరి ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు రెండు వెయ్యాలా? ప్రెషర్ తగ్గకపోతే ఏం చెయ్యాలి?

సమాధానం:
వద్దు. మర్చిపోయింది వదిలేసి మర్నాడు రాత్రి మామూలుగా ఒక్కటే వెయ్యండి. రెప్ప కింద పట్టే జాగా దాదాపు ఒక చుక్కకే సరిపోతుంది, వెంటనే రెండోది వేస్తే చెంప మీదికి కారడమే. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన లోపలి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టమనండి. వేరే చుక్కలు కూడా ఉంటే కనీసం 5 నిమిషాలు ఆగి వెయ్యాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేసి, 15 నిమిషాల తర్వాత పెట్టుకోవాలి. తెరవని లాటనోప్రోస్ట్ సీసా మామూలుగా ఫ్రిజ్‌లో, తెరిచింది బయట 25 డిగ్రీలకి మించకుండా 6 వారాలు. అయినా మీ డబ్బా మీద ఏం రాశారో ఒకసారి చూడండి, కొన్ని కంపెనీల సూచనలు వేరుగా ఉంటాయి.

ప్రెషర్ దిగకపోవడానికి చుక్క సరిగ్గా పడకపోవడం పెద్ద కారణం. కొందరిలో ఈ రకం మందుకి స్పందనే తక్కువ. అప్పుడు డాక్టర్ మందు మారుస్తారు, లేదా టిమొలాల్ లాంటిది కలుపుతారు. అది నీరు ఊరడాన్నే తగ్గిస్తుంది కాబట్టి రెండూ కలిసి బాగా పనిచేస్తాయి. కన్ను బాగా నొప్పెట్టినా, చూపు ఉన్నట్టుండి మసకబారినా తర్వాతి చెకప్ దాకా ఆగకండి. ఈసారి వెళ్లినప్పుడు సీసా వెంట తీసుకెళ్లి, అమ్మగారిని డాక్టర్ ఎదురుగానే చుక్క వేసుకుని చూపించమనండి.