రాత్రి ఆన్-కాల్, తెగిన నిద్ర, గుండెదడ: దీనికి దారి ఏమిటి?

ప్రశ్న (హైదరాబాదు, ప్రొడక్షన్ సపోర్టు)

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. ప్రస్తుతం అమెరికా క్లయింటుకు ప్రొడక్షన్ సపోర్టు, అంటే వాడుకలో ఉన్న సిస్టములు ఆగకుండా చూసే పని, చేస్తున్నాను. మా టీములో నిరుడు ఏడుగురం ఉండేవాళ్లం. ఇద్దరు మానేసి, ఒకరు వేరే ప్రాజెక్టుకు మారడంతో నలుగురం మిగిలాం కాబట్టి, ఏడు వారాలకొకసారి వచ్చే ఆన్-కాల్ (ఏ వేళ సమస్య వచ్చినా ఫోను ఎత్తి చూడవలసిన వంతు) ఇప్పుడు నాలుగు వారాలకొకసారి వస్తోంది. ఆ వారమంతా రాత్రి రెండుకో మూడుకో ఫోను మోగుతుంది. లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే సగంసార్లు చేయవలసిన పనే ఉండదు. డిస్కు 80 శాతం నిండిందని అలర్టు వస్తుంది, నేను లాగిన్ అయ్యేలోపే పాత లాగ్ ఫైళ్లు తొలగిపోయి అది దానంతట అదే సర్దుకుంటుంది. నాకు మాత్రం మళ్లీ నిద్ర పట్టదు. ఉదయం పది గంటల స్టాండప్‌కు (రోజువారీ టీము సమావేశానికి) హాజరు కాక తప్పదు.

అయితే నన్ను భయపెడుతున్నది ఆన్-కాల్ లేని వారాల సంగతి. మొన్న రైతుబజారులో పక్కనున్న ఆయన ఫోను అదే రింగ్‌టోనుతో మోగింది. నా చేతిలో సంచి జారి బెండకాయలన్నీ నేలపాలయ్యాయి. ఏరుకోవడానికి వంగిన దాన్ని, గుండె అంత వేగంగా కొట్టుకోవడంతో కాసేపటిదాకా లేవలేకపోయాను. ధ్యానం చేయమని మా అత్తగారు, ఉద్యోగం మారమని మా వారు అంటున్నారు. ఇంటి అప్పు ఇంకా చాలా ఉంది. మేనేజరుకు చెబితే రేటింగు మీద ప్రభావం పడుతుందేమోనని వెనుకాడుతున్నాను. ఇలాంటి దశ దాటినవారు సలహా చెప్పగలరు.

జవాబు 1 (విశాఖపట్నం, సర్వర్ల నిర్వహణలో 18 ఏళ్లు)

అమ్మా, మీరు బలహీనులు కారు. మీ రాత్రుల ఏర్పాటే సరిగా లేదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగితేనే మేనేజరుతో నిబ్బరంగా మాట్లాడగలరు. ఒక చిన్న పుస్తకంలో ప్రతి అలర్టుకూ నాలుగు వివరాలు రాయండి: ఎన్ని గంటలకు మోగింది, దేని గురించి, చేయవలసిన పని నిజంగా ఉందా, మళ్లీ ఎప్పుడు నిద్రపట్టింది. నేను ఆరు వారాలు రాశాను. 31 సార్లు ఫోను మోగితే అందులో 19 సార్లు నేను చేసిన పని ఏమీ లేదు. ఆ కాగితం ముందుపెట్టినప్పుడు మా మేనేజరు నా ఓర్పు గురించి కాకుండా అలర్టుల గురించి మాట్లాడారు.

గూగుల్ సంస్థ ఇంజనీర్లు 2016లో వెల్లడించిన తమ పద్ధతిలో 12 గంటల షిఫ్టుకు రెండు సంఘటనలకు మించరాదని, ఒకే ఊరి నుంచి పనిచేసే టీమైతే ఎనిమిదిమందైనా ఉండాలని చెప్పారు. మీరు నలుగురే అన్న మాట దీని పక్కన పెట్టి చూపండి. వినియోగదారుకు ఇబ్బంది కలిగించే దానికే మనిషిని నిద్ర లేపాలి. డిస్కు నిండిన శాతాన్ని బట్టి కాకుండా, ఇదే వేగంతో నిండితే ఎన్ని గంటల్లో పూర్తిగా నిండుతుందో లెక్కగట్టి, వ్యవధి తక్కువగా ఉన్నప్పుడే ఫోను మోగేలా మార్చండి. మిగతావి ఉదయం చూసుకునే టికెట్లుగా (చేయవలసిన పనుల జాబితాలో) వస్తే చాలు. రాత్రి గంటకు మించి మేలుకున్నవారికి మరునాటి స్టాండప్ మినహాయించాలని కూడా అడగండి. ఇది దయ చూపమని అడగడం కాదు.

జవాబు 2 (బెంగళూరు, టెస్టింగు)

పై సలహా మంచిదే కానీ, వరుస మార్చాలని నా అభిప్రాయం. బజారులో లేవలేకపోయిన మనిషి ముందు వెళ్లవలసింది డాక్టరు దగ్గరకు. నాకు గుండెదడ వచ్చినప్పుడు అదంతా ఒత్తిడేనని నాకు నేనే తేల్చుకుని ఎనిమిది నెలలు ఊరుకున్నాను. చివరికి పరీక్షలు చేస్తే థైరాయిడ్ ఎక్కువగా ఉందని తేలింది. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షల గురించి ఈ వారమే డాక్టరును అడగండి.

ఆ పరీక్షల్లో ఏమీ తేలకపోయినా మీ బాధ ఉత్తదని కాదు. పనివల్ల కలిగే ఈ బడలికను (బర్నౌట్) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో రోగంగా కాకుండా, అదుపులోకి రాని పని ఒత్తిడి ఫలితంగా నమోదుచేసింది. అంటే పని తీరు మారకుండా మనిషి ఒక్కరే మారితే సరిపోదు. కాబట్టి ధ్యానం చేయండి, తప్పులేదు, కానీ రెండు గంటలకు మోగే ఫోనును అది ఆపలేదు. మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రిపూట కూడా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక చికిత్సకు కూడా శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మీ పాలసీ కాగితాలు ఒకసారి చూసుకోండి.

జవాబు 3 (న్యూజెర్సీ, ఆన్‌సైట్ సమన్వయం)

నేను అవతలి ఒడ్డున, క్లయింటు దగ్గరే ఉండి పనిచేసేవాణ్ణి. వేసవిలో మీకు రాత్రి రెండున్నర అయితే ఇక్కడ ముందురోజు సాయంత్రం ఐదు, కాలిఫోర్నియాలో మధ్యాహ్నం రెండు. అంటే మీరు ఉలిక్కిపడి లేస్తున్న సమయానికి ఇక్కడ టీము వాళ్లు మెలకువగా, కుర్చీల్లోనే ఉన్నారు. అలర్టు మొదట వాళ్లకు వెళ్లి, వాళ్లు తీర్చలేనిదే మీకు రావాలి. రోటాను, అంటే వంతుల పట్టికను, ఏ ఊళ్లో పగలైతే ఆ ఊరివారికి అలర్టు వెళ్లేలా మార్చమని అడగండి.

నా తప్పు కూడా చెప్పాలి. మూడేళ్లపాటు రోజువారీ సమావేశాన్ని నేను ఇక్కడి ఉదయం 11 గంటలకు పెట్టాను. నవంబరులో ఇక్కడి గడియారాలు వెనక్కి జరిగినప్పుడు అది హైదరాబాదులో రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నరకు మారిందన్న ఆలోచనే నాకు రాలేదు. ఒకరోజు అటువైపు నుంచి పిల్లవాడి ఏడుపు వినిపించింది. తల్లి మైకు ఆపేసి, రెండు నిమిషాల తరువాత క్షమాపణ అడిగింది. ఆ క్షమాపణ నేను చెప్పవలసింది. సమావేశాన్ని ఉదయం ఎనిమిదికి మార్చడానికి నాకు పట్టింది ఒక్క ఈమెయిలు. మీ ఆన్‌సైట్ వారికి చెప్పి చూడండి. చాలామందికి తెలియకనే ఇలా జరుగుతోంది.

ప్రశ్న అడిగినవారు (ఐదు వారాల తరువాత)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈసీజీ, థైరాయిడ్ బాగానే ఉన్నాయి, హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని మందులు ఇచ్చారు. కౌన్సెలింగుకు రెండుసార్లు వెళ్లాను. ఆన్-కాల్ వారం లెక్క పుస్తకంలో రాశాను: 14 అలర్టులు, పని ఉన్నవి 5. మేనేజరు ఆ పేజీని ఫోటో తీసుకున్నారు. రేటింగు మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నెలరోజుల ప్రయోగంగా రాత్రి అలర్టులు మొదట కాలిఫోర్నియాలో ఉన్న సహోద్యోగికి వెళుతున్నాయి. ఆయన సాయంత్రం ఐదుకు లాగౌట్ అవుతారు కాబట్టి, మాకు తెల్లవారుజాము ఐదున్నర దాటాక వచ్చేవి ఇంకా నా ఫోనుకే వస్తున్నాయి. వాటి గురించి బుధవారం మాట్లాడబోతున్నాం. రింగ్‌టోను మాత్రం ఆ రోజే మార్చేశాను.