తాతగారి పెట్టెలో దొరికిన రేకు పడవ ఏ దేశానిది?

గోదావరి గట్టు:
రాజమండ్రిలో తాతగారి ట్రంకుపెట్టె సర్దుతుంటే జానెడు పొడవున్న రేకు పడవ దొరికింది. తాళంచెవి లేదు, స్ప్రింగు లేదు. లోపల చిన్న రేకు డబ్బీ, దాని నుంచి వెనక్కి వెళ్లే రెండు సన్నని గొట్టాలు ఉన్నాయి. కిటికీల్లో ప్రయాణికుల బొమ్మలు రంగుల్లో అచ్చువేసి ఉన్నాయి. తాతగారు 1950ల మొదట్లో మద్రాసులో చదువుకున్నారు. జర్మనీదని మామయ్య, తిరునాళ్లలో కొన్నదని పిన్ని అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

పాత యంత్రాలు:
అది ఆవిరి పడవ. డబ్బీ కింద దీపం పెడితే లోపలి నీరు ఆవిరై, గొట్టాల్లోని నీటిని వెనక్కి చిమ్ముతుంది. ఆవిరి చల్లబడగానే నీరు మళ్లీ లోపలికి వస్తుంది. చిమ్మేటప్పుడు ధార ఒకే దిక్కుకు పోతుంది, పీల్చేటప్పుడు నీరు అన్ని వైపుల నుంచీ చేరుతుంది. అందుకే పడవ ముందుకే వెళ్తుంది. థామస్ పియో 1891లో బ్రిటన్‌లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. డబ్బీ పైభాగాన్ని వేలితో మెల్లగా నొక్కండి. పల్చని రేకు పొర లోపలికి వంగి తిరిగి లేస్తే, అది అమెరికాకు చెందిన చార్లెస్ మెక్‌హ్యూ 1915లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి. నడిచేటప్పుడు వచ్చే టపటప చప్పుడు ఆ పొరదే. అయితే ఈ ఇంజన్లను చాలా దేశాలవాళ్లు చేశారు కాబట్టి, దీన్ని చూసి దేశం చెప్పలేం.

పల్నాటి పిల్ల:
కోటప్పకొండ తిరునాళ్లలో చిన్నప్పుడు మేము కొన్న పడవలకు ఒకే రంగు పూత ఉండేది. ప్రయాణికుల బొమ్మలేమీ ఉండేవి కావు. పిన్నిగారి మాట నిజం కాకపోవచ్చు.

లీడ్స్ తెలుగువాడు:
ఇంగ్లండ్‌లో మా ఊరి పక్కనే హార్స్‌ఫర్త్‌లో సట్‌క్లిఫ్ కంపెనీవారు పేరున్న రేకు పడవలు చేసేవారు. వాటిలో చాలావరకు తాళంచెవితో నడిచేవి, కానీ తొలినాళ్లలో ఆవిరివి కూడా చేశారు. కాబట్టి తాళంచెవి లేదన్న ఒక్క కారణంతో వాటిని కొట్టిపారేయలేం. అడుగుభాగం, చుక్కాని, దీపం పెట్టే పళ్లెం వెలుతురులో పెట్టి చూడండి. దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అందువల్ల పాత ఎగుమతి బొమ్మలపై తరచుగా దేశం పేరు ఉంటుంది. ‘డి.ఆర్.జి.ఎం.’ (జర్మనీలో నమోదైన నమూనాకు గుర్తు) అనే అక్షరాలుంటే జర్మనీ, అదీ 1891 తరువాతిది. ‘యు.ఎస్. జోన్ జర్మనీ’ (అమెరికా సైన్యం ఆధీనంలోని జర్మనీ భాగం) అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తరువాతి కొన్నేళ్లది. దయచేసి రుద్ది కడగకండి. అచ్చు రంగు పోతే ఆధారం కూడా పోతుంది.

గోదావరి గట్టు:
పొర వంగి లేచింది! దీపం పళ్లెం కింద ‘మేడ్ ఇన్ జపాన్’ అని సన్నగా కనిపించింది. యుద్ధం తరువాత అమెరికా సైన్యం ఆధీనంలో ఉన్నప్పటి జపాన్ సరుకుపై వేసే ‘ఆక్యుపైడ్’ అన్న మాట లేదు. అంటే యుద్ధానికి ముందుదేనా?

లీడ్స్ తెలుగువాడు:
అలా తేల్చేయవద్దు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే మాత్రం 1952కు ముందుదని నమ్మకంగా చెప్పవచ్చు. 1949 తరువాత ఆ ముద్ర తప్పనిసరి కాదు. పైకప్పు లోపలివైపు టార్చి వేసి చూడండి. యుద్ధం ముగిశాక జపాన్‌లో రేకు దొరక్క, అమెరికా సైనికులు పారేసిన డబ్బాలతో కూడా బొమ్మలు చేశారు. లోపల ఆ డబ్బాల అచ్చు కనిపిస్తే పడవ వయసు దాదాపు తేలినట్లే. ఏమీ కనబడకపోతే, తాతగారి మద్రాసు రోజులను బట్టి 1950ల మొదటి భాగం అనుకోవడం సబబు.

గోదావరి గట్టు:
లోపలంతా మెరిసే తెల్ల రేకే, అచ్చేమీ లేదు. మా పిల్లల కోసం ఒక్కసారి నీళ్లలో నడపవచ్చా?

పాత యంత్రాలు:
గొట్టాలకు తుప్పు చిల్లులు లేకపోతే నడపండి. ముందు ఒక గొట్టంలోంచి నీరు పోస్తూ రెండోదాని నుంచి బయటికి వచ్చేదాకా నింపండి. డబ్బీ ఖాళీగా ఉండగా మంట తగిలితే టంకం కరిగి అతుకులు ఊడిపోతాయి. చిన్న వత్తి చాలు. పాత టంకంలో, రంగుల్లో సీసం ఉండవచ్చు, అందుకని పిల్లల నోటికి అందనివ్వకండి. తరువాత నీరంతా వంచేసి, తడి లేకుండా నీడలో ఆరబెట్టండి.