పాస్‌వర్డ్ కరెక్టే, అయినా మెయిల్ తెరుచుకోవట్లేదు

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఇంట్లో పాత డెస్క్‌టాప్, విండోస్ 10. నాన్న పెన్షన్ కాగితాలన్నీ వచ్చే మెయిల్ నాలుగు రోజులుగా క్రోమ్ బ్రౌజర్‌లో తెరుచుకోవట్లేదు.

మొదట 'కనెక్షన్ సురక్షితం కాదు' అని వచ్చింది. చూస్తే కింద మూలన తేదీ 2015 జనవరి 1! ముందు రోజు గాలివానకు కరెంటు పోయింది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టుంది. గడియారం అంత వెనక్కి పోతే సైట్ సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని చూపే గుర్తింపు పత్రం లాంటిది) చెల్లదనుకుంటుందట బ్రౌజర్. తేదీ సరిచేశాక ఆ హెచ్చరిక పోయింది. సీఆర్2032 బ్యాటరీ చౌరస్తాలో తెచ్చి వేస్తాను, అది నా తిప్పలు.

అసలు గోల తర్వాత మొదలైంది. పాస్‌వర్డ్ కొడతాను, చక్రం ఒక్క క్షణం తిరుగుతుంది, మళ్లీ అదే ఖాళీ లాగిన్ పేజీ. 'పాస్‌వర్డ్ తప్పు' అని కూడా అనదు. క్యాప్స్ లాక్ అనుమానంతో నోట్‌ప్యాడ్‌లో కొట్టి, చూసుకుని, కాపీ చేసి అతికించాను. అదే తంతు. పాత కుకీలు వాడని ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) విండోలో మాత్రం హాయిగా తెరుచుకుంటోంది, నా ఫోన్‌లో కూడా. అంటే కుకీల (సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న సమాచారం) గొడవేనా, లేక బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకున్న ఏదైనా ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతోందా?

తమ్ముడేమో "అంతా క్లియర్ కొట్టెయ్ అన్నా" అంటున్నాడు. నాన్న సేవ్ చేసుకున్న కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌వర్డులు పోతాయేమోనని నా టెన్షన్. ఆయన కాగితం మీద ఒక్కటీ రాసుకోలేదు. వాటి జోలికి పోకుండా ఈ ఒక్క సైట్ కుకీలు మాత్రమే తీసేయాలంటే క్రోమ్‌లో ఎక్కడ నొక్కాలి? తెలిసినవాళ్లు కాస్త వరసగా చెప్పండి, నాన్న పక్కనే కూర్చుని చూస్తున్నారు.