టైటాన్ మీద ‘పొగమంచు’ అనొచ్చా?

గవర్నర్‌పేట: పిల్లల సైన్సు వ్యాసం దిద్దుతున్నానండీ. శని చందమామ టైటాన్‌ని కప్పిన ‘హేజ్’కి ‘పొగమంచు’ అని ఉంది. ఉంచమంటారా, ‘నీహారం’ చేయమంటారా?

బ్రాడీపేట: రెండూ వద్దండీ. నీహారమన్నా మంచే, పైగా ‘నీహారిక’ని నెబ్యులాకి ఎప్పుడో ఇచ్చేశాం. ఇక పొగమంచు. ధనుర్మాసం పొద్దున ప్రకాశం బ్యారేజీ మీద కమ్మేది సన్నటి నీటి తుంపర, ఎండెక్కితే విడిపోతుంది. టైటాన్ మీద దానికి పూర్తిగా తలకిందులు: అక్కడి తెర ఎండ వల్లే పుడుతుంది. వందల కిలోమీటర్ల ఎత్తున అతినీలలోహిత కిరణాలు మీథేన్, నైట్రోజన్ అణువులను విరగ్గొడతాయి. ఆ ముక్కలు అతుక్కుంటూ నారింజ రంగు కర్బన రేణువులవుతాయి. ప్రయోగశాలలో చేసిన అలాంటి పదార్థానికే 1979లో శాస్త్రవేత్తలు సేగన్, ఖరే ‘థోలిన్’ అని పేరుపెట్టారు. మంటే లేదు కాబట్టి పొగ కూడా కాదు. ‘మసక’ అనండి. అది పదార్థం పేరు కాదు, చూపుకి ఏమవుతుందో చెప్పే మాట. 1980లో పక్కనుంచి వెళ్లిన వాయేజర్-1 వ్యోమనౌక కెమెరాలకి నేల కనపడకపోవడం కూడా ఈ మసక వల్లే.

గుణదల: పొగమంచంటే చదివేవాళ్లకి చప్పున అర్థమవుతుంది కదా మేష్టారూ?

బ్రాడీపేట: తప్పుగా అర్థమవుతుందమ్మా, చిక్కంతా అదే. వేడిని పట్టి ఉంచే గ్రీన్‌హౌస్ వాయువులు కంబళి లాంటివి, ఈ మసక చలువపందిరి. ఎండను పైనే ఆపేస్తుంది. రేణువులు మరీ సన్నం కావడంతో నేల వదిలే పరారుణ వేడి మాత్రం వాటి సందుల్లోంచి జారిపోతుంది. టైటాన్ నేల దగ్గర వాయువులు సుమారు 21 డిగ్రీలు పెంచితే, మసక 9 డిగ్రీలు లాగేస్తుంది. మిగిలేది మైనస్ 179 సెల్సియస్.

మంగళగిరి: జీవం సంగతి కూడా ఇక్కడే ఉంది. ఆక్సిజన్ చేరకముందు, 250 కోట్ల ఏళ్లకి పూర్వం, మన భూమికీ అప్పుడప్పుడు ఇలాంటి మసక పట్టి ఉంటుందని లెక్కలు. కార్బన్ డయాక్సైడ్‌లో పదోవంతు నుంచి అయిదోవంతు దాకా మీథేన్ ఉంటే మొదలవుతుంది. నేల చల్లబడుతుంది, కానీ ఓజోన్ లేని ఆ రోజుల్లో అతినీలలోహితానికి అదే గొడుగు. పొగ లాంటి ‘కాలుష్యం’ వాసన కొట్టే మాట ఇక్కడ వేస్తే ఈ మేలు కనపడకుండా పోతుంది.

గవర్నర్‌పేట: అయితే మొదటిచోట ‘ఎండకు మీథేన్ విరిగి పుట్టిన కర్బన రేణువుల మసక’ అనీ, తర్వాత ఉత్త ‘మసక’ అనీ రాస్తాను.

బ్రాడీపేట: బాగుందండీ. ‘మసకలు’ అనకండి, అంతస్తులు చెప్పాల్సివస్తే ‘మసక పొరలు’. టైటాన్‌లో మీథేన్ మబ్బులు వేరే ఉన్నాయి, వానా కురుస్తుంది. వాటిని మాత్రం మబ్బులుగానే ఉంచండి.