ఎండుటాకుకి రాగి పూత వేస్తే అంచులు పొడిలా రాలిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నడకకి వెళ్ళినప్పుడు దొరికే ఎండుటాకులు, గింజలు, నత్తగుల్లలు ఏరుకొచ్చి లాకెట్లు చేస్తుంటాను. ఇన్నాళ్ళూ రాగి తీగ చుట్టి చేసేదాన్ని, ఈమధ్యే ఎలక్ట్రోఫార్మింగ్ (ద్రావణంలో కరెంట్ పంపి వస్తువు మీద రాగి పూత పట్టించడం) మొదలుపెట్టా. ఆకుకి కండక్టివ్ పెయింట్ (కరెంట్ పారే పెయింట్) వేసి, మైలుతుత్తం, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో వేలాడదీసి 1.5 ఆంప్స్ ఇచ్చాను. మధ్యలో పూత బానే పట్టింది కానీ అంచులూ కొసా ముదురు గోధుమ రంగుకి తిరిగి వేలితో ముట్టుకుంటే పొడిలా రాలిపోతున్నాయి. ఆకు రెండంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు ఉంటుంది. ఇంకోటి, నత్తగుల్ల పెడితే నీళ్ళలో బుడగలొచ్చి పెయింట్ ఊడిపోయింది. మూడు ఆకులు పోయాయి, చాలా బాధగా ఉంది, అంత చక్కటి ఈనెలున్న ఆకులు మళ్ళీ దొరుకుతాయో లేదో.

జవాబు 1:
కరెంట్ ఎక్కువైందండి. చదరపు అంగుళానికి 0.1 ఆంప్ దగ్గర మొదలుపెట్టండి. మీ ఆకు రెండు వైపులా కలిపి ఐదు చదరపు అంగుళాలు అనుకుంటే 0.5 ఆంప్ సరిపోతుంది, మీరు మూడు రెట్లు ఇచ్చారు. కరెంట్ ఎప్పుడూ కొసలకీ పదునైన అంచులకే ఎగబడుతుంది, అందుకే మధ్యలో బాగుండి అక్కడ మాడింది. నేనైతే ఆకు మొత్తం గులాబీరంగు రాగి పరుచుకునేదాకా ఇంకా తగ్గించే ఉంచుతా. తొందరపడకండి, 0.5 ఆంప్‌తో ఎనిమిది గంటలు నడిస్తే దాదాపు 4.7 గ్రాముల రాగి దిగుతుంది, మీ ఆకు మీద అది సుమారు 0.16 మిల్లీమీటర్ల మందం, లాకెట్‌కి చాలు. మధ్యమధ్యలో ఆకుని తిప్పుతూ ఉంటే పూత సమంగా వస్తుంది.

గుల్ల సంగతి వేరు. అది కాల్షియం కార్బొనేట్, యాసిడ్ తగిలితే బుడగలు రాక మానవు, గుల్లే కరిగిపోతోందన్నమాట. పెయింట్ వేసేముందు వార్నిష్ రెండు మూడు కోట్లు వేయండి, లోపలి వైపు కూడా, చిన్న సందున్నా యాసిడ్ దూరిపోతుంది. గింజలకీ ఇంతే, కానీ అవి ముందు పూర్తిగా ఎండాలి, లోపల తడి ఉండగా మూసేస్తే కుళ్ళుతుంది. గుల్ల లోపల ప్రాణి లేదని చూసుకునే తీసుకోండి.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. ఒక్కటి కలుపుతా, యాసిడ్‌నే నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు, గ్లవ్స్ కళ్ళద్దాలు తప్పనిసరి. పాడైన ద్రావణాన్ని సింక్‌లో పోయకండి ప్లీజ్, మైలుతుత్తం చేపలకీ నీటిలో బతికేవాటికీ విషం.

తీగ పని కూడా వదిలేయకండి, నాకు అదే ఇష్టం, రాయి ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. చట్రానికి 18 గేజ్ (లావు తీగ), చుట్టడానికి 26 గేజ్ (సన్న తీగ) వాడతా. వంచేకొద్దీ రాగి గట్టిపడి చివరికి విరుగుతుంది, అప్పుడు మంట మీద లేత ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఉక్కులా నీళ్ళలో ముంచితే గట్టిపడదు ఇది. పైన పట్టిన నలుపు నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్ళలో పోతుంది, అందులోకి ఇనుప పటకారు మాత్రం దించొద్దు, ఉన్నవాటన్నిటి మీదా పలచగా రాగి అంటుకుంటుంది.

జవాబు 3:
చర్మం పచ్చబడటం గురించి ఎవరూ చెప్పలేదు. చెమటతో రాగి కలిసి ఏర్పడే లవణాలే ఆ పచ్చదనం, సబ్బుతో కడిగితే పోతుంది. లాకెట్‌కి మైనమో లాకరో పూస్తే కిలుము త్వరగా పట్టదు కానీ ఉంగరాల మీద రాపిడికి అరిగిపోతుంది, అది ముందే చెప్పి ఇవ్వండి. చెవి రంధ్రంలో పోయే కొక్కెం మాత్రం రాగిది పెట్టకండి, వెండిదో నియోబియం అనే లోహానిదో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్! 0.4 ఆంప్‌తో పది గంటలు ఉంచాను, మధ్యలో రెండుసార్లు తిప్పాను. అంచులు గట్టిగా వచ్చాయి, ఈనెలు కూడా చక్కగా కనపడుతున్నాయి, కొసన మాత్రం ఒక చిన్న రాగి గుండు ఏర్పడింది, దాన్ని ఆకురాయితో తీయాలని లేదు, మంచు బిందువులా ఉంది. గుల్లకి మూడో కోటు ఆరుతోంది.